ట్రామా ఉద్యోగమా, మోకాలి మార్పిడి క్లినిక్కా?

టెక్సాస్‌లో ఆర్థోపెడిక్ పీఏగా (ఎముకల డాక్టర్‌తో కలిసి పనిచేసే ఫిజీషియన్ అసిస్టెంట్‌గా) రెండు ఆఫర్లు వచ్చాయి, ఒకటి ప్రమాదాల్లో గాయపడ్డవాళ్లను చూసే ట్రామా సెంటర్‌లో, ఇంకొకటి మోకాలి మార్పిడి క్లినిక్‌లో, ట్రామా సెంటర్‌లో జీతం ఎక్కువ, ఇంట్లో ఏడాది పాప, ఏది తీసుకోవాలి అని అడిగారు కదండీ. పాప చిన్నది కాబట్టి నేనైతే క్లినిక్ వైపే మొగ్గుతాను.

జీతం అంకె పక్కన పెట్టి ముందు ఆన్-కాల్ (డ్యూటీ అయ్యాక కూడా పిలిస్తే అందుబాటులో ఉండటం) సంగతి తేల్చుకోండి. నెలకు ఎన్ని రాత్రులు? ఫోన్‌లో చెప్తే సరిపోతుందా, మీరే వెళ్లాలా? మర్నాడు సెలవుందా? ట్రామాలో అర్ధరాత్రి విరిగిన మణికట్టు వస్తే తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, ఎముక లాగి సరిచేసి, స్ప్లింట్ కట్టి, మళ్లీ ఎక్స్‌రే చూసి నోట్స్ రాసేసరికి తెల్లారిపోతుంది. పొద్దున్నే ఆపరేషన్ థియేటర్లో కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని నిలబడాలి. చేతికి పని బాగా వస్తుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

అలాగని క్లినిక్‌లో హాయి అనుకోకండి. సర్జరీలు ముందే ఖరారవుతాయి గానీ వాపు తగ్గలేదని, నొప్పి మాత్రలు అయిపోయాయని వచ్చే మెసేజ్‌లకు అంతుండదు. వాటికి పని వేళల్లోనే టైమ్ ఇస్తారా అని అడగండి. లేకపోతే పాప పడుకున్నాక లాప్‌టాప్ తెరవాల్సిందే!

వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు వేస్తే ఆదుకునే ఇన్సూరెన్స్ క్లెయిమ్స్-మేడ్ పాలసీ (పాలసీ నడుస్తున్నప్పుడు వచ్చిన కేసులకే వర్తించేది) అయితే, మానేసేటప్పుడు టెయిల్ కవరేజ్ (మానేశాక వచ్చే పాత పని కేసులకు రక్షణ) డబ్బు ఎవరు కడతారో కాంట్రాక్ట్‌లో రాయించుకోండి. సంతకం పెట్టే ముందు అక్కడ పనిచేసే పీఏతో ఒక రోజంతా తిరిగి చూస్తానని అడగండి.