మీరు చెప్పలేదు, మీ ముఖం చెప్పింది

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని నల్లకుంట. చిన్నప్పుడు నన్ను కుక్క కరిచింది. ఇప్పటికీ వీధికుక్క ఎదురైతే గుండె జారిపోతుంది. బాబు దగ్గర ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. అయినా ఎల్‌కేజీ చదివే వాడు కూడా కుక్కను చూస్తే బిగుసుకుపోతున్నాడు, స్కూలుకి నడవనంటున్నాడు. 'వాణ్ణి పిరికివాణ్ణి చేస్తున్నావు' అని మావారు రోజూ సాధిస్తున్నారు. తప్పు నాదేనా?

జవాబు: కాదమ్మా. భయమేస్తే కళ్లు పెద్దవై తెల్లగుడ్డు ఎక్కువగా కనబడుతుంది. ఎదుటివాళ్ల మెదడుకి ఆ కాస్త తెలుపు చాలు. మూర్ఛ చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చినవాళ్లకి భయపడ్డ ముఖాల ఫొటోలు చూపించారు. సెకనులో పదోవంతు కూడా గడవకముందే మెదడులో అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం స్పందించిందని 2016లో ప్రచురించారు. అంత వేగాన్ని మీరు దాచలేరు, బాబు ఆపుకోలేడు. ఈ ముక్క మీవారికి చదివి వినిపించండి.

1985లో వెలువడిన ఒక ప్రయోగం చెబుతాను. ఏడాది పిల్లల్ని బల్లమీద పాకనిచ్చారు. సగం దూరంలో గట్టి గాజు కింద కాస్త లోతు కనిపిస్తుంది. పిల్లలు అక్కడ ఆగి, అవతల నిలబడ్డ అమ్మ ముఖంలోకి చూశారు. అమ్మ భయంగా చూస్తే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. నవ్వుతూ ఉంటే 19 మందిలో 14 మంది దాటేశారు. నాకు ఆ 14 మందే ముఖ్యం. భయాన్ని చేర్చిన ముఖమే ధైర్యాన్నీ చేరుస్తుంది.

మొదటి ఉలికిపాటును అణచాలని చూడకండి. ఆ తర్వాతి క్షణం మీ చేతిలో ఉంది. బాబు చెయ్యి పట్టుకుని ఆగండి, ఊపిరి నెమ్మదిగా వదలండి. ముఖం కాస్త సడలాక వాడి వంక చూసి, 'అమ్మ ఉలిక్కిపడింది నాన్నా. అది పడుకునే ఉంది. మనం ఇటునుంచి మెల్లగా వెళ్దాం' అనండి. భయమే లేనట్టు నటించొద్దు, పిల్లలు పట్టేస్తారు. పరుగెత్తొద్దు, కుక్క కళ్లలోకి తేరిపార చూడొద్దు.

జాగ్రత్త మాత్రం వదలొద్దు. 2023లో అంబర్‌పేటలో కుక్కల దాడికి ఓ పసివాడు బలైపోయిన ఊరు మనది. గుంపు కనిపిస్తే దారి మార్చండి, జీహెచ్‌ఎంసీకి ఫిర్యాదు చేయండి.

మీవారు కొన్నాళ్లు స్కూలుకి తోడు వెళ్లాలి, వాడి ముందు 'పిరికి' అనడం ఈరోజే మానాలి. ఇక మీ భయం. దాన్ని మెల్లమెల్లగా ఎదుర్కోవడం క్లినికల్ సైకాలజిస్టులు నేర్పిస్తారు. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.