పాలపన్నే కదా అని పీకించేయొద్దమ్మా

కడప

అమ్మా,

పిల్లోడి కింద ఎడమవైపు దవడ పన్ను పుచ్చిపోయి రాత్రిళ్ళు ఏడుస్తున్నాడని, అనంతపురంలో చూపిస్తే పీకేయాలన్నారని రాశావు. ఇంట్లో వాళ్ళేమో "పాలపన్నే కదా, ఎట్లాగూ ఊడేదే" అంటున్నారన్నావు. ఆ మాట దగ్గరే మొదలుపెడతాను.

ముందు పాలపళ్ళు ఆరేడేళ్ళకు ఊడిపోతాయి, నిజమే. దవడ పాలపళ్ళు అట్లా కాదు. అవి పది, పన్నెండేళ్ళ దాకా నోట్లో ఉండాలి. మీవాడికి ఐదు దాటింది. ఇప్పుడు పీకిస్తే ఆ చోటు ఐదారేళ్ళు ఖాళీగా ఉంటుంది, అయితే ఖాళీగా ఉండనివ్వవు పక్క పళ్ళు. వాడికి పుచ్చింది రెండో దవడ పాలపన్ను అన్నావు. దాని వెనకాలే ఆరేళ్ళకు ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. అది శాశ్వత పన్ను. ఏ పన్నూ ఊడకుండా వెనక చిగురులోంచి నేరుగా వస్తుంది కాబట్టి చాలామంది తల్లులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. ముందున్న పాలపన్ను లేకపోతే అది ముందుకు ఒరిగి ఆ చోటు ఆక్రమిస్తుంది. పదకొండో ఏట రావాల్సిన పన్నుకు దారి ఉండదు. లోపలే ఇరుక్కుంటుంది, లేదా పక్కకి వంకరగా వస్తుంది. తర్వాత రెండేళ్ళు క్లిప్పులు వేయించి తిప్పలు పడేది అప్పుడే.

అందుకే మొదట అడగాల్సింది "ఎప్పుడు పీకుతారు" అని కాదు, "దీన్ని నిలబెట్టడానికి వీలుందా" అని. ఎక్స్‌రే తీయకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు. పంటి ఎక్స్‌రే చిన్నది, రేడియేషన్ చాలా తక్కువ, భయపడొద్దు. పుచ్చు నరం దాకా పోయినా, పంటి వేళ్ళు గట్టిగా ఉంటే లోపలి కుళ్ళిన నరం తీసేసి, వేరుతో పాటే కరిగిపోయే మందు నింపి, పైన స్టీలు క్యాపు వేస్తారు. క్యాపు తెల్లగా లేదని వద్దనకు. దవడ పన్నుకు ఆ స్టీలు క్యాపే గట్టిది, పన్ను ఊడేటప్పుడు దాంతో పాటే ఊడిపోతుంది.

పీకక తప్పని సందర్భాలూ ఉన్నాయి. పన్ను చిగురు కిందికి విరిగిపోయి క్యాపు పట్టుకునే చోటే లేకపోవడం. వేళ్ళ మధ్య ఎముక తినేసి, కింద పెరుగుతున్న శాశ్వత పన్ను మొలక దాకా చీము పోవడం. నరం తీసి మందు పెట్టినా చిగురు మీద చీముపొక్కు మళ్ళీ మళ్ళీ రావడం. వాడి ఎక్స్‌రేలో ఇట్లాంటివి ఉంటే పీకించు, సందేహించొద్దు. చీము పట్టిన పన్నును ఊరికే ఉంచితే కింది పన్ను మీద మచ్చలు, గుంటలు పడతాయి.

ఒక మాట. మన అనంతపురం జిల్లా బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ ఉన్న ఊళ్ళు చాలా ఉన్నాయి. ఆ నీళ్ళు తాగిన పిల్లల శాశ్వత పళ్ళ మీద సున్నం పూసినట్టు తెల్ల చారలు, గోధుమరంగు మరకలు ఉంటాయి. అవి పుచ్చు కాదు. మరకలున్నాయని పన్ను పీకించే పని లేదు.

పీకించాలనే తేలితే, కుర్చీలో కూర్చోబెట్టే ముందు పన్ను నంబరు అడుగు. డాక్టర్లు పళ్ళకు రెండంకెల నంబర్లు వాడతారు. కింద ఎడమ రెండో పాలదవడ పన్ను 75. దాని వెనకాల వచ్చే శాశ్వత పన్ను 36. ఆరేళ్ళ పిల్లల్లో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. కాగితం మీద 75 అని రాసి ఉందో లేదో నువ్వే చూసుకో. 5తో గానీ, 6తో గానీ, 7తో గానీ, 8తో గానీ మొదలైతే పాలపన్ను. 1 నుంచి 4 లోపు మొదలైతే శాశ్వత పన్ను. తేడా కనబడితే ఆపి అడగడానికి మొహమాటపడొద్దు.

డాక్టరుకు నువ్వే చెప్పాల్సినవి: వాడి బరువు కిలోల్లో, ఆ వారంలో జ్వరం దగ్గు ఉన్నాయేమో, ఆయాసం, ఫిట్స్, ఏ మందన్నా పడదా, ఇప్పుడు ఏం వాడుతున్నాడు. చిన్న గాయమైనా రక్తం చాలాసేపు ఆగదా, మీ వైపు గానీ వాళ్ళ నాయన వైపు గానీ అట్లాంటి వాళ్ళున్నారా అన్నది తప్పకుండా చెప్పు. గుండెలో రంధ్రం ఉండి ఆపరేషన్ అయిన పిల్లలకు కొందరికి పీకే ముందు ఒక మోతాదు యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది. మామూలు పిల్లలకు ఊరికే పన్ను పీకడానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. రాసిచ్చారంటే ఎందుకో అడుగు.

పొద్దుటి పూట పో. టిఫిన్ పెట్టి, గంట ఆగి, పళ్ళు తోమించి తీసుకుపో. చిగురుకు మత్తు సూది మాత్రమే వేసేటప్పుడు ఖాళీ కడుపు మంచిది కాదు, పిల్లలకు కళ్ళు తిరుగుతాయి. పూర్తి మత్తు ఇచ్చి ఒకేసారి నాలుగైదు పళ్ళ పని చేస్తే లెక్క వేరు. అప్పుడు అన్నం, పాలు ఆరు గంటల ముందు ఆపాలి, మంచినీళ్ళు రెండు గంటల ముందు ఆపాలి. "పాలే కదా, కొంచెం తాగించాను" అంటే ఆ రోజు పని వాయిదా పడుతుంది. దాచిపెడితే ఇంకా ప్రమాదం, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

వాడికి అబద్ధం చెప్పొద్దు. "ఊరికే చూస్తారంతే" అని తీసుకుపోయి సూది వేయిస్తే, ఆ పిల్లోడు మళ్ళీ ఏ డాక్టరు దగ్గరా నోరు తెరవడు. "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అని అవ్వ బెదిరిస్తుంటే ఆ మాట ఇప్పట్నుంచే మాన్పించు. ఇట్లా చెప్పు: "ముందు చిగురుకు జెల్ రాస్తారు. తర్వాత చిన్న చురుక్కుమంటుంది, పదంకెలు లెక్కపెట్టుకో. పెదవి లావెక్కినట్టు అనిపిస్తుంది. తర్వాత గట్టిగా నొక్కినట్టు ఉంటుంది." నొక్కడం తెలుస్తుంది, నొప్పి తెలియదు. ఈ తేడా ముందే తెలిసిన పిల్లలు చాలామటుకు కదలకుండా కూర్చుంటారు. లోపలికి ఒక్కరే పోండి, అది కూడా కళ్ళనీళ్ళు పెట్టుకోని వాళ్ళు.

జెల్ రాశాక ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. సూది మందు మెల్లగా వేయాలి, తొందరగా తోస్తేనే మంట. కింది దవడకు మత్తు పట్టడానికి ఐదు నిమిషాల దాకా పడుతుంది. పీకడం మొదలుపెట్టాక వాడు నొప్పి అంటే నమ్ము, ఇంకొంచెం మందు వేయమను. అయితే దానికీ హద్దు ఉంది, బరువును బట్టే వేయాలి. బరువు ఎందుకు అడుగుతారంటే ఇందుకే.

దవడ పాలపన్ను వేళ్ళు సన్నగా, వెడల్పుగా విచ్చుకుని, కింది శాశ్వత పన్ను మొలకను కాళ్ళతో పట్టుకున్నట్టు ఉంటాయి. కొన్నిసార్లు వేరు కొస విరిగి లోపలే ఉండిపోతుంది. దాన్ని తవ్వితే కింది మొలకకు దెబ్బ తగులుతుందనుకుంటే డాక్టర్లు వదిలేస్తారు. అది కరిగిపోతుంది, లేదా తర్వాత పైకి తేలుతుంది. అది నిర్లక్ష్యం కాదు.

ఇక ఇంటికొచ్చాక మొదటి మూడు గంటలు. అసలు ఇబ్బందులు ఎక్కువగా వచ్చేది అప్పుడే. మడిచి పెట్టిన గాజుగుడ్డ అరగంట కరిచి పట్టుకోవాలి. ప్రతి రెండు నిమిషాలకీ తీసి చూస్తే గడ్డకట్టిన రక్తం ఊడి మళ్ళీ మొదలవుతుంది. మళ్ళీ కారితే శుభ్రమైన గుడ్డ తడిపి, మడిచి, గడియారం చూసుకుని ఇంకో అరగంట. ఉమ్మొద్దు, మింగేయమను. ఉమ్ములో కలిసిన కొంచెం రక్తమే చాలా ఎక్కువగా కనబడుతుంది. స్ట్రా పెట్టి టెంకాయ నీళ్ళు, జ్యూసు తాగించొద్దు. పీల్చితే ఆ గడ్డ ఊడొస్తుంది.

దీనికన్నా పెద్ద తిప్పలు పెదవి కొరుక్కోవడం. మత్తు రెండు మూడు గంటలు ఉంటుంది. స్పర్శ లేని పెదవి పిల్లలకు వింతగా ఉంటుంది, నమిలేస్తారు. మర్నాటికి పెదవి వాచి, లోపల తెల్లగా, పసుప్పచ్చగా పుండు పడుతుంది. తల్లులు చీము పట్టిందని పరిగెత్తుకొస్తారు. అది చీము కాదు, కొరికిన గాయం. వారం పది రోజుల్లో అదే మానుతుంది, కొంచెం వాజలైన్ రాస్తే చాలు. రాకుండా చూసుకోవడమే మేలు. మత్తు పోయేదాకా వాణ్ణి పక్కనే కూర్చోబెట్టుకో, నిద్రపోనివ్వొద్దు, తిండి పెట్టొద్దు. నీళ్ళు గ్లాసుతో తాగించొచ్చు.

మత్తు పూర్తిగా దిగక ముందే పారాసెటమాల్ ఇవ్వు. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్క. 16 కిలోల పిల్లోడికి 240. సీసా మీద 5 ఎం.ఎల్.కి 120 అని ఉంటే 10 ఎం.ఎల్., 240 అని ఉంటే 5 ఎం.ఎల్. రెండు రకాల సీసాలూ షాపుల్లో ఉంటాయి, చూడకుండా "ఒక మూత" పోస్తే సగమో రెట్టింపో అవుతుంది. మళ్ళీ ఇవ్వాలంటే ఆరు గంటల తర్వాతే, రోజుకు నాలుగు సార్లు మించొద్దు. నిమెసులైడ్ పన్నెండేళ్ళ లోపు పిల్లలకు మన దేశంలో 2011లోనే నిషేధించారు, ఇంట్లో మిగిలి ఉంటే పారేయ్. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వొద్దు. ఆ బిళ్ళను నలిపి చిగురులో పెట్టడం ఇంకా ఘోరం, చిగురు కాలిపోతుంది. లవంగ నూనె నేరుగా పోసినా అంతే.

ఆ పూట పెరుగన్నం, చల్లారిన పల్చటి సంగటి మజ్జిగలో, అరటిపండు. ఉగ్గాని బజ్జీ, బొరుగులు, చెనక్కాయలు, మురుకులు రెండు మూడు రోజులు దూరం పెట్టు, ముక్కలు గుంటలో ఇరుక్కుంటాయి. రాత్రి మిగతా పళ్ళు తోమించు. మర్నాటి నుంచి గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళలో అర టీస్పూన్ ఉప్పు వేసి తిన్నాక పుక్కిలించమను, గట్టిగా కాదు. మూడో రోజుకు గుంటలో పసుపు తెలుపు పొర కనబడుతుంది. అది మానుతున్న గుర్తు, గీకొద్దు.

రెండుసార్లు అరగంట చొప్పున నొక్కినా రక్తం ఆగకపోయినా, మూడో రోజు తర్వాత నొప్పీ వాపూ పెరుగుతున్నా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించు. ఇంకొకటి గుర్తుపెట్టుకో, ఇది పీకించక ముందూ వర్తిస్తుంది. బుగ్గ వాపు కంటి దాకా గానీ, దవడ కిందికి గానీ పాకినా, నోరు తెరవలేకపోయినా, చొంగ కారుస్తూ ఉమ్ము కూడా మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా రేపటిదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పో. గవదబిళ్ళలని పసర్లు పూసి కూర్చోవద్దు. గవదల వాపు చెవి కింద మొదలై చెవి తమ్మెను పైకి లేపుతుంది, పంటి వాపు బుగ్గ మీద గానీ దవడ ఎముక పక్కన గానీ మొదలవుతుంది. వాపు మీద వేడి కాపడం పెట్టొద్దు.

పీకిన చోటును కాపాడే కమ్మి సంగతి పీకించే రోజే మాట్లాడు. స్పేస్ మెయింటెయినర్ అంటారు. వెనక, ముందు పళ్ళు రెండూ ఉంటే ఒకదానికి పట్టీ, దాన్నుంచి ఒక తీగ చుట్ట. మీవాడికి వెనక పన్ను ఇంకా రాలేదు, కాబట్టి మామూలుది పనికిరాదు. ముందు పాలపన్నుకు పట్టీ వేసి, చిగురు లోపలికి చిన్న రేకు దించి, రాబోయే పన్నును సరైన చోటికి నడిపించే రకం వేయాలి. అది అందరూ చేసేది కాదు. పిల్లల పంటి డాక్టరు ఉన్న చోటికే పోవాలి. ఇక్కడ కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, కర్నూలులో జి. పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ఉంది. పిల్లల విభాగం ఎక్కడుందో అడిగి నేరుగా అక్కడికే పో. వేయించాక ఆరు నెలలకోసారి చూపించాలి. పట్టీ వదులైతే ఆగకుండా తీసుకుపో, లోపల తిండి ఇరుక్కుని పట్టుకున్న పన్ను కూడా పుచ్చుతుంది. వెనక పన్ను వచ్చేశాక దాన్ని తీసి మామూలుది వేస్తారు.

ఆదివారం లోపల ఎక్స్‌రే తీయించి, దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ఫోటో తీసి పంపు. వేళ్ళ మధ్య ఎముక ఎట్లా ఉందో చూశాక నిలబెట్టొచ్చా, పీకించాలా చెబుతాను. అప్పటిదాకా రాత్రి పడుకునే ముందు పాలసీసా మాన్పించు, ఆ గుంటలో ఇరికిన మెతుకులు మెత్తటి బ్రష్‌తో తీసెయ్.

ఆశీస్సులతో,
పెదనాయన