బిగువైన రేసు సైకిలా, దూరాలకు ఓర్చే సైకిలా?

ప్రశ్న: నా వయసు 43. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం హైబ్రిడ్ సైకిల్ మీద కళింగపట్నం వెళ్లి వస్తున్నాను. ఈ శీతకాలంలో 200 కిలోమీటర్ల బ్రెవే (పందెం కాదు, గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ యాత్ర) పూర్తి చేయాలనీ, తరువాత సాలూరు ఘాట్ ఎక్కాలనీ కోరిక. విశాఖపట్నంలో ఒక దుకాణంవారు ఇంచుమించు ఒకే ధరకు రెండు కార్బన్ సైకిళ్లు చూపించారు. ఒకటి బిగువైన రేసు ఫ్రేము, 25 మిల్లీమీటర్ల టైర్లు. రెండోది ఎండ్యూరెన్స్ తరహాది, అంటే దూరాలకు ఓర్చేది, 32 టైర్లు, 800 గ్రాములు బరువెక్కువ. మొదటిది పెడల్ నొక్కగానే ముందుకు దూకింది. మిత్రులు అదే కొనమంటున్నారు. నాకు అప్పుడప్పుడూ నడుము నొప్పి వస్తుంటుంది. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: రెండోదే తీసుకోండి. మొదటిది ముందుకు దూకిందన్న మీ అనుభవం మాత్రం భ్రమ కాదు. పెడళ్ల ఇరుసు దగ్గర ఫ్రేము అటూ ఇటూ వంగకపోతే, లేచి నిలబడి బలంగా తొక్కినప్పుడు సైకిలు వెంటనే అందుకుంటుంది. పందెంలో చివరి 200 మీటర్లకు అది పనికొచ్చే గుణమే కానీ, మీరు తొక్కబోయేది 200 కిలోమీటర్లు. బ్రెవేలో ఆ దూరానికి ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. తిండికీ విశ్రాంతికీ ఆగిన సమయాన్ని కలుపుకొన్నా గంటకు సగటున 15 కిలోమీటర్లు సరిపోతాయి. మీకు ఆ వేగం కష్టం కాదు, పదో గంటలో కూడా సీటు మీద కుదురుగా కూర్చోగలగడమే కష్టం.

రేసు సైకిలు ఒళ్లు హూనం చేస్తే నేరం ఫ్రేముదేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏ కార్బన్ ఫ్రేమైనా నిలువుగా వంగేది అతి స్వల్పం. గుంతలో పడ్డప్పుడు టైరు అణిగేది అంతకు ఎన్నో రెట్లు. సుమారు 75 కిలోల మనిషి 25 టైరులో 90 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కొట్టించాల్సి వస్తే, 32 టైరులో 60 చాలు. గాలి ఎంత ఎక్కువుంటే అంత వేగమన్న పాత నమ్మకం గరుకు రోడ్డు మీద నిలవదు, ఎందుకంటే గట్టి టైరు సైకిలునూ మనిషినీ పైకి ఎగరేస్తుంది, ఆ కుదుపును మింగడానికి ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి చక్రానికి చేరదు. ఈమధ్య వస్తున్న డిస్క్ బ్రేకుల రేసు ఫ్రేముల్లో చాలావాటికి 32 టైరు పడుతుంది కనుక, ఈ ఒక్క లోపాన్నీ టైరు మార్చి సరిదిద్దుకోవచ్చు.

కూర్చునే తీరు అంత తేలిగ్గా మారదు. మీ ఎత్తుకు తగిన సైజులో రేసు ఫ్రేము హ్యాండిలు రెండోదానికంటే సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లు కిందికి, కొంత ముందుకు ఉంటుంది. వంగితే ఎదురుగాలి తక్కువ తగులుతుందన్నది నిజమే. అయితే నాలుగో గంటకు మెడ పట్టేసి, అరచేతులు తిమ్మిరెక్కి, నడుము నిటారుగా లేచిపోతే ఆ లాభమంతా పోతుంది. హ్యాండిలు కాస్త ఎత్తుగా ఉండి, మోచేతులు మడిచి సాయంత్రం దాకా అదే భంగిమలో ఉండగలిగినవాడే చివరికి వేగంగా చేరతాడు. నడుము నొప్పి ఉన్న మీకు ఇదొక్కటే చాలు నిర్ణయానికి.

ఇక 800 గ్రాముల సంగతి. మీరు, సైకిలు, నీళ్ల సీసాలు కలిపి 85 కిలోలనుకుంటే అది ఒక్క శాతం కూడా కాదు. గంటసేపు ఎక్కే ఘాటులో పోయేది అర నిమిషం. అక్కడ మోకాళ్లను కాపాడేవి గేర్లు. ముందు చిన్న పళ్లచక్రానికి 34, వెనుక పెద్దదానికి 34 పళ్లు ఉండేట్లు చూసుకోండి.

తెల్లవారుజామున గుంపుగా హైవే మీద రణస్థలం దాకా దూసుకుపోయి, ఎండెక్కేలోగా ఇల్లు చేరడమే మీ సరదా అయితే మొదటిదాన్ని కాదనేవాణ్ని కాదు.

కొనేముందు దుకాణం వీధిలో పది నిమిషాలు కాకుండా, అతుకుల రోడ్డు మీద కనీసం గంటసేపు తొక్కి చూడండి. హ్యాండిలును మోసే ఫోర్కు గొట్టాన్ని మొదటి రోజే కోయవద్దని చెప్పండి. నెల రోజులు తొక్కి, ఎత్తు కుదిరిందనుకున్నాకే కోయించుకోవచ్చు, కోశాక మళ్లీ పెంచలేరు. సైకిలుతో వచ్చిన సీటు మీకు నప్పుతుందన్న హామీ ఏ దుకాణమూ ఇవ్వలేదు కాబట్టి, దాన్ని మార్చుకోవడానికి కొంత డబ్బు పక్కన పెట్టుకోండి.