ఉగాదికి పెరడు పచ్చగా ఉండాలంటే పని మాఘంలోనే మొదలుపెట్టాలి

హనుమకొండలో కొత్త ఇల్లు, వెనుక 20 అడుగులకు 15 అడుగుల ఖాళీ జాగ, మూలకు ఒక ముసలి మల్లె చెట్టు. ఉగాదికల్లా ఇది పచ్చబడాలంటే ఏం చేయాలని ఒకరు అడిగారు. ఉగాదినాడు మొదలుపెడితే కాదు. మనదగ్గర మార్చి సగం దాటిందంటే ఎండ ముదురుతుంది, లేత మొలక తట్టుకోదు. శివరాత్రి నాటికి విత్తనం నేలలో పడి ఉండాలి.

ముందు మట్టి సంగతి. కొత్త ఇంటి వెనుక ఉండేది సగం మొరం, సగం సిమెంటు పెళ్లలు. గడ్డపారతో అడుగు లోతు తవ్వి అన్నీ ఏరేయండి. సున్నం, సిమెంటు మిగిలిన చోట మొక్క ఇనుము తీసుకోలేదు. లేత ఆకు పసుపైపోయి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. దీనికి యూరియా వేస్తుంటారు, దండగ. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఇనుమునిచ్చే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా కొట్టండి. వారం తేడాతో రెండు మూడుసార్లు చాలు. కలిపిన మందు అప్పుడే వాడేయాలి, నిలవుంటే తుప్పు రంగుకు తిరిగి పనికిరాదు.

తవ్వేటప్పుడు తుంగ అనే కలుపు గడ్డి కనిపిస్తే పైపైన కోయొద్దు. కింద గడ్డలు గొలుసులా ఉంటాయి, తెగిన ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. గడ్డతో సహా ఏరి ఎండలో పడేయండి, ఎరువు గుంతలో మాత్రం వేయకండి.

ఎర్ర చెల్క అయితే నాలుగు తట్టల మట్టికి ఒక తట్ట చెరువు పూడిక కలపండి, నీళ్లు పట్టి ఉంచుతుంది. అంతకు మించితే ఎండాకాలం నేల నెర్రెలు బారుతుంది. నల్లరేగడికి పూడిక అక్కర్లేదు. 10 అడుగులకు 3 అడుగుల మడికి రెండు తట్టల పెంటెరువు, అరకిలో వేపపిండి సరిపోతుంది. ఎరువు పిడికిట్లో పిసికితే పేడ వాసన రావొద్దు, వేడి తగలొద్దు. పచ్చి పెంట వేస్తే చెదలు, వేరుపురుగు వెంటే వస్తాయి.

వీడియోల్లో ఎత్తు మడులు చూపిస్తారు, అవి వానాకాలానికి. ఎండాకాలానికి మడి, చుట్టూ ఉన్న నేల కంటే మూడు అంగుళాలు కిందికి ఉండాలి, పోసిన నీళ్లు అక్కడే ఇంకుతాయి.

విత్తనాల్లో బెండ, గోకరకాయ, తోటకూర, గంగవాయిలి ఎండకు ఓర్చుకుంటాయి. బెండ విత్తనం రాత్రంతా నానబెట్టి అంగుళం లోతున, జానెడు దూరంలో పెట్టండి. తెల్లదోమ వల్ల పల్లాకు తెగులు వస్తుంది. ఆకు ఈనెలు పసుపెక్కిన మొక్కను మందు కొట్టి కాపాడలేం, పీకేయడమే. అర్కా అనామిక రకం దీన్ని కొంత తట్టుకుంటుంది.

బీర, సొరకు రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గుంత తీసి, మట్టితో నింపి, నాలుగు గింజలు పెట్టి, మొలిచాక బలమైన రెండు ఉంచండి. తొలి పూలన్నీ మగపూలే, కంగారు పడొద్దు. ఈ రెండింటి పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, అప్పటికి తేనెటీగలు తిరగవు. పిందె ఎండి రాలుతుంటే పొద్దు గూకాక మగపువ్వు తెంపి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకు పుప్పొడి రుద్దండి.

పందిరికి పత్తికట్టె ఎక్కడ చూసినా ఊరికే దొరుకుతుంది. బెండ దగ్గరికి మాత్రం తేకండి. పత్తి, బెండ ఒకే కుటుంబం, కట్టెతో పాటు పిండినల్లి దిగుతుంది. కందికట్టె, వెదురు మేలు.

ఇక మల్లె. కత్తిరింపు జనవరి ఆఖరుకే అయిపోవాలి. ఆలస్యంగా చేసినా పోయేదేం లేదు, పూత కొంచెం వెనకపడుతుంది అంతే. ముందు వారం రోజులు నీళ్లు ఆపి, కొమ్మలన్నీ కట్టగా కట్టి, నేలకు అడుగున్నర ఎత్తులో కోసేయండి. ఎండుపుల్లలు, మిగిలిన ఆకులు దూసేయాలి. మొదలు చుట్టూ మట్టి గుల్ల చేసి, నాలుగైదు రోజులు ఆరనిచ్చి, ఒక తట్ట పెంటెరువు వేసి అప్పుడు నిండా నీళ్లు పెట్టాలి. కోయడానికి భయపడి చివర్లు మాత్రమే తుంచితే ఆకు గుబురెక్కుతుంది గానీ మొగ్గ పల్చబడుతుంది, మల్లె పూసేది కొత్త చిగురు మీదే.

మొలకలు జానెడు ఎదిగాక మడి మీద మూడు అంగుళాల మందాన వరిగడ్డి పరచండి, కాండానికి రెండు వేళ్ల దూరం వదిలి. చెదలు ఎక్కితే గడ్డి తీసేసి, మట్టిలో ఇంకాస్త వేపపిండి కలిపి మళ్లీ పరవండి.