ల్యాప్‌టాప్‌కి ర్యామ్ ఎంత ఉండాలి? కొనేముందు చూసుకోవాల్సిన లెక్క

"అన్నా, 512 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ చూశాను, సరిపోతుందా?" చదువుకోడానికి కొత్తగా వచ్చినవాళ్ల సందేహాలు ఎక్కువగా ఇలాగే మొదలవుతుంటాయి. ఆ 512 మెమరీ కాదు, స్టోరేజ్. ఫైళ్లూ ఫొటోలూ దాచుకునే చోటు అది. నిండితే బయట ఒక డ్రైవ్ తగిలించుకోవచ్చు. ల్యాప్‌టాప్ చురుగ్గా ఉంటుందా, ఈడుస్తుందా అన్నది ఎక్కువగా దాని పక్కన చిన్నగా రాసి ఉండే 8 జీబీ, 16 జీబీ అన్న అంకె మీద ఆధారపడుతుంది. ర్యామ్ అంటే అదే. ఇక్కడ మెమరీ అన్నప్పుడల్లా దాని గురించే.

ముందు జవాబు చెప్పేస్తాను. బ్రౌజింగ్, మెయిల్, వర్డ్, ఎక్సెల్, వీడియో కాల్స్, సినిమాలు, క్లాసు అసైన్‌మెంట్లు... వీటికి 16 జీబీ తీసుకోండి. 8 చాలే సందర్భాలు ఒకటి రెండు ఉన్నాయి, 32 కావాల్సిన పనులు మరికొన్ని ఉన్నాయి. అయితే అంకె కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ మెమరీని తర్వాత పెంచుకునే వీలుందా, లేదా? పెంచుకోలేని ల్యాప్‌టాప్ అయితే ఇవాళ్టి అవసరం కాదు, మరో నాలుగైదేళ్ల అవసరం చూసి కొనాలి.

8 జీబీ ఎందుకు చాలడం లేదో చూద్దాం. విండోస్ 11కి కనీసం 4 జీబీ చాలని మైక్రోసాఫ్ట్ అంటుంది. అది ఇన్‌స్టాల్ అవడానికి చాలుతుంది, హాయిగా వాడుకోవడానికి కాదు. 8 జీబీ మెషీన్ ఆన్ చేసి, మనం ఏమీ తెరవకముందే మూడు నాలుగు జీబీలు పోతాయి. విండోస్ సొంత వాటా, యాంటీవైరస్, క్లౌడ్ సింక్, ల్యాప్‌టాప్ కంపెనీ పెట్టి పంపిన నాలుగైదు యుటిలిటీలు కలిస్తే అంత అవుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో తెర మీద బొమ్మ వేయడానికి కావాల్సిన మెమరీ కూడా ఇందులోంచే వెళ్తుంది. అందుకే 8 అని కొన్నదాంట్లో వాడుకోదగ్గది 7.7 అనో, ఇంకా తక్కువగానో కనిపిస్తుంది.

ఇక బ్రౌజర్. క్రోమ్, ఎడ్జ్ లాంటివి ట్యాబులను చాలావరకు వేర్వేరు ప్రాసెస్‌లుగా నడుపుతాయి. వట్టి అక్షరాలున్న పేజీ అయితే కొన్ని పదుల ఎంబీలతో సరిపెట్టుకుంటుంది. మెయిల్, ఆన్‌లైన్ డాక్యుమెంట్లు, కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉండే సోషల్ మీడియా ఫీడ్ అయితే ఒక్కో ట్యాబూ కొన్ని వందల ఎంబీలు మింగుతుంది. పదిహేను ట్యాబులంటే రెండు జీబీలు దాటడం మామూలే. పైన ఒక వీడియో మీటింగ్, సుమారు ఒక జీబీ. ఒక వర్డ్ ఫైలు, ఒక ఎక్సెల్ షీటు, పక్కన వాట్సాప్. కూడి చూడండి, 8 అయిపోయింది. ఇందులో అతిగా వాడిందేమీ లేదు. క్లాసు వింటూ నోట్సు రాసుకునేవాళ్ల తెర మీద ఉండేవే ఇవన్నీ.

నిండిపోతే ఏమవుతుంది? మెమరీ చాలట్లేదని కంప్యూటర్ పైకి చెప్పదు. ముందు లోపలున్నదాన్ని నొక్కి కుదిస్తుంది. అదీ చాలకపోతే, మనం కాసేపటిగా చూడని వాటిని ఎస్‌ఎస్‌డీ (మొదట చెప్పుకున్న స్టోరేజ్) మీదున్న పేజ్ ఫైల్‌లోకి నెట్టి, మనం నొక్కినప్పుడు వెనక్కి తెస్తుంది. ర్యామ్ నుంచి డేటా అందడానికి సుమారు వంద నానోసెకన్లు పడితే, ఎస్‌ఎస్‌డీ నుంచి రావడానికి పదుల మైక్రోసెకన్లు పడుతుంది. అంటే వందల రెట్ల తేడా. ఎస్‌ఎస్‌డీ ఎంత వేగంగా పనిచేసినా ర్యామ్ లోటు తీరకపోవడానికి కారణం ఇదే.

చాలామంది ఈ ఇబ్బందిని ఇంటర్నెట్ మీదికో వైరస్ మీదికో తోసేస్తారు. తేడా పట్టడం కష్టం కాదు. కొత్త పేజీ తెరుచుకోవడానికే ఆలస్యమై, అప్పటికే తెరిచి ఉన్న వర్డ్ ఫైలు టక్కున వస్తుంటే నెట్ సంగతి చూసుకోండి. తెరిచి ఉన్న విండోల మధ్య మారేటప్పుడే తెర తెల్లబోయి రెండు సెకన్లు ఆగుతుంటే, స్క్రీన్ షేర్ చేయగానే మన గొంతు అవతలివాళ్లకు ముక్కలుముక్కలుగా వినిపిస్తుంటే మెమరీని అనుమానించాలి. ఫ్యాన్ హోరెత్తిపోతూ అన్నీ ఒకేలా నెమ్మదిస్తే అది ప్రాసెసర్ మీద భారం.

కొత్తది కొనేముందు ఇప్పుడు చేతిలో ఉన్న ల్యాప్‌టాప్‌నే అడగండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ ఎంచుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు కాదు, పని బాగా ఒత్తిడిగా ఉండి అన్నీ తెరిచి ఉన్న సమయంలో చూడాలి. అందరి కళ్లూ 'ఇన్ యూజ్' అంకె మీదే పడతాయి, కానీ 8 జీబీ మెషీన్‌లో అది ఎప్పటికీ 8 దాటదు కదా! అవసరం పన్నెండైనా అక్కడ ఏడున్నరే కనిపిస్తుంది. కాబట్టి దాని కింద 'కమిటెడ్' అని ఉన్న చోట చూడండి. 11.2/14.6 లాగా రెండు అంకెలుంటాయి. మొదటిది నడుస్తున్న ప్రోగ్రాములన్నీ కలిపి అడిగి ఖాయం చేసుకున్న మెమరీ. ప్రోగ్రాములు వాడేదానికంటే కాస్త ఎక్కువే అడిగి పెట్టుకుంటాయి, కనుక అది ఉన్న ర్యామ్‌ని కొంచెం దాటినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. 8 జీబీ మెషీన్‌లో అది రోజూ 11, 12 చూపిస్తూ, 'అవైలబుల్' ఒక జీబీ లోపుకి పడిపోతుంటే మాత్రం మీకు 16 కావాలని ఆ ల్యాప్‌టాపే చెబుతున్నట్టు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 16 జీబీ మెషీన్ కొన్న వారానికే "అప్పుడే 60 శాతం నిండిపోయింది" అని బెంగపడేవాళ్లున్నారు. మెమరీ ఎక్కువుంటే విండోస్, బ్రౌజర్ కూడా చేయి జాపి వాడతాయి. అలా వాడాలి కూడా. ఖాళీగా ఉంచిన ర్యామ్ ఎందుకూ పనికిరాదు.

మ్యాక్ అయితే యాక్టివిటీ మానిటర్ తెరిచి మెమరీ ట్యాబు కింద ఉండే 'మెమరీ ప్రెషర్' గ్రాఫ్ రంగు చూడండి. పచ్చగా ఉంటే నిశ్చింత. పసుపులోకి తరచూ వెళ్తుంటే ఇరుకైనట్టు, ఎరుపు అయితే చాలడం లేదన్నట్టే. మ్యాక్‌బుక్ ఎయిర్, ప్రోలలో కనీస మెమరీని ఆపిల్ 2024 అక్టోబరులో 16 జీబీకి పెంచింది. అంతకుముందువి 8తో వచ్చినవి చాలా ఉన్నాయి, కాబట్టి వాడినది కొంటున్నవాళ్లు ఈ అంకె మళ్లీ మళ్లీ చూసుకోవాలి. "మ్యాక్‌లో 8 అంటే బయట 16తో సమానం" అన్న మాట నమ్మకండి. కుదించడంలో, ఎస్‌ఎస్‌డీతో సర్దుకోవడంలో అది నేర్పరే, కానీ ఎనిమిది ఎనిమిదే.

అసలు చిక్కు మెమరీ పెంచుకునే వీలు దగ్గర వస్తుంది. సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ చిప్పులను మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేస్తున్నారు. కొన్న రోజు ఎంతో, చివరి రోజుకీ అంతే. ఇది కనిపెట్టాలంటే మోడల్ వివరాల పేజీలో మెమరీ ఎదురుగా ఏం రాసుందో చూడాలి. 'ఎల్‌పీడీడీఆర్5', 'ఎల్‌పీడీడీఆర్5ఎక్స్', 'ఆన్‌బోర్డ్', 'సోల్డర్డ్' అని ఉంటే అతికించేసినట్టు. 'ఎల్‌పీ' రకంలో తీసి మార్చుకోగలిగినవి అరుదు. 'డీడీఆర్5 ఎస్ఓ-డిమ్' అని ఉంటే తీసి పెట్టుకోవచ్చు. ఇప్పుడొస్తున్న మ్యాక్‌బుక్‌లు వేటికీ ఈ అవకాశం లేదు. ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ వరుసలో అయితే మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీలోనే కూర్చుంది, 16 లేదా 32 అంతే. టాస్క్ మేనేజర్‌లో 'స్లాట్స్ యూజ్డ్' అన్న వరుస కూడా ఉంటుంది, కానీ దాన్ని పూర్తిగా నమ్మలేం. సోల్డర్ చేసిన మెషీన్లలో కూడా ఒక్కోసారి నాలుగుకి నాలుగు స్లాట్లు నిండాయని చూపిస్తుంది. దాని కింద 'ఫామ్ ఫ్యాక్టర్' దగ్గర 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే అతికించినదని అర్థం.

మధ్యేమార్గంగా 8 జీబీ అతికించి, పక్కన ఒక స్లాట్ ఖాళీగా వదిలే మోడళ్లు ఉన్నాయి. 8 జీబీ కొనడానికి నేను ఒప్పుకునే సందర్భం ఇదొకటి. తర్వాత ఇంకో 8 పెడితే 16 అవుతుంది. 16 పెట్టినా పనిచేస్తుంది, మొత్తం 24. అందులో 16 వరకు రెండు ఛానళ్ల (ప్రాసెసర్‌కు డేటా వెళ్లే దారుల) మీద జోడీగా, వేగంగా నడుస్తుంది, మిగతా 8 ఒంటి ఛానల్ మీద నడుస్తుంది. రెండు స్లాట్లున్న మెషీన్‌లో ఒక్క 16 కంటే రెండు 8లు పెట్టడం మేలనడానికీ ఇదే కారణం. గేములు ఆడేవాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది, మెయిల్ చూసుకునేవాళ్లకు పెద్దగా తెలియదు.

విడిగా ర్యామ్ కొని పెట్టుకునేవాళ్లు ముందు రకం చూసుకోండి. ల్యాప్‌టాప్‌లో వాడే డీడీఆర్4 ముక్కకు 260 పిన్నులు, డీడీఆర్5కు 262. మధ్యలో గాడి వేరే చోట ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. వేగాలు వేరైనవి కలిపితే రెండూ తక్కువ వేగానికి దిగి నడుస్తాయి. ఆ మోడల్ గరిష్ఠంగా ఎంత తీసుకుంటుందో, మూత తెరిస్తే వారంటీ పోతుందా లేదా అన్నదీ కంపెనీ పేజీలో చూశాకే స్క్రూడ్రైవర్ పట్టండి. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు.

పెట్టే పద్ధతి ఇదీ. పూర్తిగా షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసేయాలి. కింది మూత తెరిచాక బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఏదైనా లోహాన్ని ఒకసారి ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ వదిలించుకోవాలి. ముక్కను బంగారు రంగు అంచు ముట్టుకోకుండా పక్కల పట్టుకుని, గాడి సరిచూసి, సుమారు 30 డిగ్రీల వాలులో స్లాట్‌లోకి నెట్టాలి. బంగారు రంగు దాదాపు కనిపించనంతగా లోపలికి వెళ్లాక కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పడతాయి. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. సగం దూరి ఆగిపోతే లైట్లు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. అయితే డీడీఆర్5లో మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీని సరిచూసుకోవడానికి మెషీన్ కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు, అప్పుడూ తెర నల్లగానే ఉంటుంది. పాడైందనుకుని మధ్యలో పవర్ బటన్ నొక్కేయకండి. ఐదు పది నిమిషాలు చూసి, అప్పటికీ రాకపోతే తీసి మళ్లీ పెట్టండి. ఆన్ అయ్యాక స్టార్ట్‌లో 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' అని వెతికి ఒకసారి నడపండి. లోపమున్న ముక్కయితే అప్పుడే తెలుస్తుంది, లేదంటే ఎప్పుడో అసైన్‌మెంట్ మధ్యలో నీలి తెర వచ్చాక తెలుస్తుంది.

ఇక 32 ఎవరికి? ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ నడిపేవాళ్లకు, వర్చువల్ మెషీన్లు, డాకర్ కంటెయినర్లు నాలుగైదు కలిపి నడిపేవాళ్లకు, 4కే వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు. విండోస్‌లో లినక్స్ కోసం డబ్ల్యూఎస్ఎల్2 పెట్టుకుంటే మామూలుగా అది మొత్తం ర్యామ్‌లో సగం దాకా తీసుకోగలదు. 16లో 8 అటే పోతే మనకు మిగిలేది పాత కథే. డబ్ల్యూఎస్ఎల్ కాన్ఫిగ్ ఫైలులో పరిమితి పెట్టుకోవచ్చు, లేదా 32కి వెళ్లాలి. పైథాన్‌లో డేటా పనికి వాడే పాండాస్‌లో పెద్ద సీఎస్‌వీ ఫైళ్లు తెరిచేవాళ్లు కూడా గుర్తుంచుకోవాలి, ఫైలు 2 జీబీ ఉంటే మెమరీలో దానికి రెండు మూడింతలు పట్టొచ్చు.

డేటా సైన్స్ చదవడానికి వచ్చినవాళ్లకు సీనియర్లు 64 కొనమని చెబుతుంటారు. తొందరపడకండి. బరువైన పని ల్యాబ్ సర్వర్ల మీదో క్లౌడ్ నోట్‌బుక్‌లోనో చేయించే కోర్సులైతే ల్యాప్‌టాప్ వట్టి కిటికీ లాంటిదే, 16 చాలు. సీనియర్ మాట కంటే మీ డిపార్ట్‌మెంట్ సూచించే ల్యాప్‌టాప్ వివరాలు ముందు చూడండి.

వెంట తెచ్చుకున్న పాత ల్యాప్‌టాప్‌కి ర్యామ్ పెంచుదామా అనుకునేవాళ్లు ఒక అడుగు ఆగాలి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్) ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరమో ఆ తర్వాతదో కావాలి. మైక్రోసాఫ్ట్ 'పీసీ హెల్త్ చెక్' నడిపి అది అర్హమని తేలాకే ర్యామ్ కొనండి. క్రోమ్‌బుక్ అయితే 8తో బాగానే నడుస్తుంది, క్రోమ్‌బుక్ ప్లస్ రకానికి గూగుల్ పెట్టిన కనీస మెమరీ కూడా అంతే.

కొన్నాళ్లు 8తోనే నెట్టుకురావాల్సినవాళ్లు టాస్క్ మేనేజర్‌లో 'స్టార్టప్ యాప్స్'లోకి వెళ్లి అక్కర్లేనివన్నీ డిసేబుల్ చేయండి. క్రోమ్‌లో 'మెమరీ సేవర్', ఎడ్జ్‌లో 'స్లీపింగ్ ట్యాబ్స్' ఆన్ చేయండి. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, ఏ ట్యాబు, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత తింటోందో అందులో కనిపిస్తుంది. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ఎక్స్‌టెన్షన్ ఒకటి పైవరుసలో ఉంటుంది, చూడండి. ర్యామ్ శుభ్రం చేస్తామనే యాప్‌లు వద్దు. అవి వాడుకలో ఉన్నదాన్ని డిస్క్ మీదికి తోసి ఖాళీ చూపిస్తాయి, మరుక్షణం అదంతా మళ్లీ లోపలికి రావాలి. పేజ్ ఫైల్ ఆపేస్తే వేగం పెరుగుతుందన్న సలహా కూడా వినకండి, మెమరీ నిండిన క్షణాన ప్రోగ్రాములు చెప్పాపెట్టకుండా మూసుకుపోతాయి. ఇంకో మాట: 'ఫాస్ట్ స్టార్టప్' ఆన్‌లో ఉన్న మెషీన్‌లో షట్‌డౌన్ అంటే విండోస్ పూర్తిగా మొదటికి రాదు, లోపలి భాగాన్ని డిస్క్‌లో దాచుకుని మళ్లీ అదే తెస్తుంది. వారానికోసారి రీస్టార్ట్ నొక్కండి. ఆ తర్వాత మామూలు పని మధ్యలో 'కమిటెడ్' అంకె ఎంతుందో మరోసారి చూడండి.