పసుపు పెట్టబోతున్న బిడ్డకు

చిరంజీవి బిడ్డకు పెద్దనాన్న ఆశీస్సులు.

ఆర్మూరు దగ్గరి మన కింది చేనులో ఈ జూన్‌లో నువ్వే దగ్గరుండి పసుపు పెట్టించబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పినప్పుడు గర్వంగా అనిపించింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అది వాన నీళ్లు నిలిచే చేను, దుంపకుళ్ళు మొదలయ్యేది నీళ్లు నిలిచిన చోటనే.

దుక్కి, ఎరువులు, అంతరపంటగా మక్కజొన్న సంగతి మీ నాన్న చూసుకుంటాడు. ఎత్తు మడులు చేయించు, మురుగు కాలువ తీయించు, కుళ్ళు సోకిన చేను విత్తనం కొనకు. తెగులును అణచే మేలు శిలీంద్రం ట్రైకోడెర్మాను నమ్ముకుని, అవసరమైతేనే రసాయన మందు వాడతానన్నావట. ఆలోచన మంచిదే, కానీ ఏ మందు, దేని తర్వాత ఏది అన్న దగ్గరే మన పక్క చేను బావ దెబ్బతిన్నాడు. అప్పటికి నువ్వు చిన్నపిల్లవు.

ఆయన 90 కిలోల చివికిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీళ్లు చిలకరించి, చెట్టు నీడలో తడి గోనెలు కప్పి ఉంచాడు. వారం పది రోజులకు గోనెలు తీస్తే కుప్ప మీద ఆకుపచ్చని బూజు పరుచుకుని ఉంది. ఆ ఎరువును మడులన్నిటా శ్రద్ధగా వేయించాడు. ఆ ఏడు సెప్టెంబరు ముసురులో చేను మూలన కొన్ని మొక్కల అడుగు ఆకులు అంచుల నుంచి ఎండసాగాయి. మొదలు పట్టి లాగితే మొక్క ఊరికే చేతిలోకి వచ్చింది. దుంపను నొక్కితే వేలు దిగబడింది, లోపలి పసుపు రంగు గోధుమ రంగుకు తిరిగి, చెడు వాసన కొట్టింది. ఆయన కంగారుగా మందుల దుకాణానికి పరుగెత్తితే, తెగులు మందంటూ కార్బెండజిమ్ చేతిలో పెట్టారు. దాన్ని చేనంతటా మొదళ్లలో పోయించాడు.

దుంపకుళ్ళు తెచ్చే పిథియం బూజులా కనిపించినా అసలైన శిలీంద్రం కాదు. శిలీంద్రాల కణగోడలో కైటిన్ ఉంటే, దీనిలో సెల్యులోజు ఉంటుంది. శిలీంద్రాలను చంపే కార్బెండజిమ్ దీన్ని పెద్దగా ఏమీ చేయలేదు. ట్రైకోడెర్మా అసలైన శిలీంద్రం కాబట్టి ఆ మందుకు ఇట్టే చచ్చిపోతుంది. కాపలా కుక్కకు విషం పెట్టి దొంగను వదిలేసినట్టయింది. పిథియం బీజాలు నీటిలో ఈదగలవు కనుక, ఆ మూలన ఉన్న కుళ్ళు నీరు పారిన దారి వెంటే మడి నుంచి మడికి పాకింది. తవ్వకాల రోజున మీ అత్తయ్య కుప్ప ముందు కూర్చుని మంచి దుంపలు ఏరుతూ పొద్దుగూకేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

అందుకే నువ్వు మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసి ఉన్న మందు తెచ్చుకో. మెటలాక్సిల్ పిథియంను అణచివేస్తుంది, ట్రైకోడెర్మా జోలికి అంతగా పోదు. మాంకోజెబ్ మాత్రం దానికి కొంత చెరుపు చేస్తుంది కాబట్టి ఈ మందునూ ట్రైకోడెర్మానూ ఒకే డ్రమ్ములో ఎన్నడూ కలపకు. లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున మందు కలిపి, విత్తన దుంపలను అరగంట, నలభై నిమిషాలు ముంచి తీసి నీడలో ఆరబెట్టు. ఆరిన తర్వాతే లీటరుకు 10 గ్రాముల ట్రైకోడెర్మా కలిపిన నీటిలో ముంచి, మళ్ళీ నీడలోనే ఆరబెట్టి నాటించు. వెనుకటికి ఆ మొదటి డ్రమ్ములో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కూడా పోసేవాళ్లం. అది ప్రాణాలు తీసే విషం తల్లీ, ఎవరు చెప్పినా ఇంటికి తేవద్దు.

పంట మీద కుళ్ళు కనిపిస్తే ఆ మొక్కలను దుంపలతో సహా తవ్వి చేను బయట పారేయించి, ఆ చోటా దాని చుట్టూ మాత్రమే మెటలాక్సిల్ మందు పోయించు. చేనంతా పోయించావో, నీ మీద కోపం వస్తుంది. మాటిమాటికీ అదే మందు పోస్తే పిథియం దానికి లొంగకుండా పోతుంది. రెండు వారాలు ఆగి, నేల తడిగా ఉన్నప్పుడు ఆ చోట ట్రైకోడెర్మా ఎరువు మళ్ళీ వేయించు. ఆకుమచ్చ తెగులుకు వేరే మందు కొట్టవలసి వస్తే ఆకులు తడిసేంతవరకే కొట్టించు, మడుల్లోకి కారనీయవద్దు.

ట్రైకోడెర్మా పొట్లం మీద తయారైన తేదీ చూడకుండా కొనకు, ఎండలో పెట్టిన పొట్లం అసలే వద్దు. నీకు చిన్నప్పటి నుంచీ దుమ్ము పడదు కాబట్టి మందు కలిపేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు లేకుండా డ్రమ్ము దగ్గరికి వెళ్లకు. విత్తనశుద్ధి ఏ రోజో రెండు రోజుల ముందు చెప్పు, నేను వస్తాను. డ్రమ్ములు మాత్రం రెండు వేర్వేరుగా సిద్ధం చేసి ఉంచు.

మీ పెద్దనాన్న