సందేహాలు – సమాధానాలు: మందారం నడుమ ఉన్నదాన్ని ఏమనాలి?

సందేహం: పెరట్లో పూలను ఫోనుతో బాగా దగ్గరనుంచి ఫొటోలు తీయడం ఈమధ్య అలవాటైంది. మందారం నడుమనుంచి బయటికి పొడుచుకొచ్చే కాడను తీసి, కింద ‘మందార కింజల్కం మీద పుప్పొడి’ అని రాశాను. తెలుగు మాస్టారొకరు చూసి, దాన్ని కేసరం అనాలన్నారు. మా అమ్మాయి బోటనీ చదివింది. పైన ఎర్రగా ఉన్న చుక్కలు కేసరాలు కావు, కీలాగ్రాలు అంటోంది. ఎవరి మాట సరైనది? అలాగే పూరేకులు అనాలా, పూరెక్కలు అనాలా? క్లోజప్‌కు తెలుగు మాట ఉందా? – విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. కాడ చివర అయిదు ఎర్రటి బొడిపెలు, ఒక్కొక్కటీ మఖమలు గుండీలా ఉంది. వాటి కిందుగా కాడ చుట్టూ సన్నని పోగులు, ప్రతి పోగు కొసనా పసుపుపచ్చని పొడి. వెనక రేకులన్నీ అలుక్కుపోయి ఎర్రటి మసకగా మిగిలాయి. ఇంత స్పష్టంగా చూపించారు కాబట్టే దేన్ని ఏమనాలన్న పేచీ వచ్చింది. దూరంనుంచి తీసి ఉంటే ‘మందారపువ్వు’ అని రాసి ఊరుకునేవారు.

మొదట కింజల్కం, కేసరం సంగతి. ఇవి రెండూ సంస్కృతంనుంచి వచ్చిన మాటలే. అమరకోశం తామర భాగాలు చెప్పేచోట ఈ రెంటినీ పక్కపక్కన, ఒకే అర్థంలో పెట్టింది. కాబట్టి మీరు కింజల్కం అన్నా, మాస్టారు కేసరం అన్నా పాత లెక్కలో తేడా లేదు. కేసరమంటే వెంట్రుకలాంటి పోగు. సింహం జూలు కూడా కేసరమే, అందుకే దానికి కేసరి అని పేరు. పువ్వు లోపల సన్నగా, పోగులా కనిపించేదాన్నల్లా పాతవాళ్లు కేసరమే అన్నారు. అందులో ఆడభాగమేది, మగభాగమేది అని వేరు చేసి చూడలేదు.

దీనికి మంచి సాక్ష్యం మన వంటింట్లోనే ఉంది. కుంకుమపువ్వు అని చిన్న డబ్బాలో కొనుక్కునేది నిజానికి పువ్వు కాదు. ఒక్కో పువ్వులో ఉండే మూడు ఎర్రటి పోగుల్ని గిల్లి ఎండబెట్టినవి అవి. బోటనీ ప్రకారం అవి పువ్వు ఆడభాగానికి చెందిన కీలాగ్రాలు. సంస్కృతంలో మాత్రం కుంకుమపువ్వుకు కేసరమనే పేరు. మనం తినే కేసరికి ఆ పేరు వచ్చిందీ దానినుంచే.

మన పాఠ్యపుస్తకాలు రాసినవాళ్లు ఈ పాత మాటను తీసుకుని దాని అర్థాన్ని కుదించారు. పుప్పొడిని మోసే మగభాగానికే కేసరం అని పేరు పెట్టారు. దాని తలకాయ పరాగకోశం. ఆడభాగంలో కాడ కీలం, దాని కొస కీలాగ్రం. శాస్త్రానికి ఇలాంటి కుదింపు తప్పదు, ఒక మాటకు ఒకే అర్థం ఉండాలి మరి. కాబట్టి మీ అమ్మాయి మాట పూర్తిగా సరైనది. మందారంలో కేసరాల కాడలన్నీ కలిసిపోయి ఒక గొట్టంలా అవుతాయి. ఆ గొట్టం లోపలినుంచి కీలం పైకి వచ్చి, చివర అయిదుగా చీలుతుంది. మీరు ‘కాడ’ అన్నది ఒక్క వస్తువు కాదన్నమాట, ఒకదాన్లో ఒకటి దూరిన రెండు.

ఇక మీరు రాసిన వాక్యానికి వస్తే, పుప్పొడి పసుపు పోగుల మీద ఉందని చెప్పడమే మీ ఉద్దేశమైతే ‘మందార కేసరాల మీద పుప్పొడి’ అని రాయండి. పండితుడూ ఒప్పుకుంటాడు, బోటనీ విద్యార్థీ ఒప్పుకుంటుంది. కింజల్కం తప్పు కాదు గానీ, పద్యంలో నప్పినట్టు ఫొటో కింద నప్పదు. ఈ మాట వినగానే చాలామంది పుప్పొడే అనుకుంటారు కూడా. పుప్పొడికి సంస్కృతంలో పరాగమని వేరే పేరుంది. ‘మకరందః పుష్పరసః పరాగః సుమనోరజః’ అని అమరకోశమే తేల్చి చెప్పింది. పూలలో ఊరే రసం మకరందం, పూల దుమ్ము పరాగం. మనకైతే పుప్పొడికి మించిన మాట లేదు. పూవు పొడి, అంతే. పలకడానికి తేలిక, చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది.

నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. కేసరానికి మన తెలుగులో అకరు అనే మాట ఉండేది. నిఘంటువుల్లో కింజల్కానికి అర్థంగా అకరు, అకరువు అని కనిపిస్తాయి. ఇప్పుడు ఎవరి నోటా వినిపించదు. మా చిన్నప్పుడు తురాయి మొగ్గలు చించి, లోపలి పోగుల తలలు ఒకదానికొకటి మెలేసి లాగి పందెం ఆడేవాళ్లం. తల తెగినవాడు ఓడినట్టు. వాటిని కోడిపుంజులు అనేవాళ్లం. రోజూ చేత్తో పట్టుకుని ఆడుకున్న వస్తువును అకరు అంటారని ఒక్కరూ చెప్పలేదు. ఎప్పుడైనా తామరపువ్వును ఇలాగే దగ్గరనుంచి తీస్తే, నడుమనున్న పచ్చటి గుండ్రటి భాగాన్ని దుద్దు అని రాయండి. దాని చుట్టూ ఉన్న పోగులే అకరు. సంస్కృతంలో ఆ దుద్దును కర్ణిక అంటారు. కర్ణిక అంటే చెవికి పెట్టుకునే నగ కూడా. మన దుద్దూ అంతే కదా! రెండు భాషలవాళ్లూ తామర నడుమ చెవి ఆభరణాన్నే చూశారన్నది నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషం కలిగించే సంగతి.

రేకులా, రెక్కలా అంటే రెండూ వాడుకలో ఉన్నాయి, రెండూ మంచి తెలుగే. కానీ రెండూ చూసే చూపు వేరు. పలచగా, బల్లపరుపుగా ఉండేది రేకు. తగరపు రేకు, ఇంటిపైన వేసే రేకు, ఆత్రేయపురం పూతరేకు, అన్నమయ్య కీర్తనలు చెక్కించిన రాగిరేకు, అన్నీ ఈ జాతివే. రెక్క అలా కాదు. ఒక చివర అతుక్కుని ఉండి రెండో చివర చాచుకుని ఉండాలి. పక్షి రెక్క, తలుపు రెక్క, ఫ్యాను రెక్క, ఆఖరికి కష్టపడేవాడి రెక్కలు కూడా అంతే. అందుకే గులాబీనుంచి రాలి నేలమీద పడ్డవాటిని రేకులు అంటేనే బాగుంటుంది. విప్పారి నిలబడ్డ మందారాన్ని చూపుతూ రెక్కలు అంటే తప్పు పట్టను. నర్సరీలో ‘ఒంటిరెక్క మందారం’ అని అడుగుతాం కదా. దానికి ఎదురు మాట ముద్దమందారం. మీ రెండో ఫొటోలో ముద్దమందారం నడుమ కాడ కనిపించలేదని రాశారు. ఆ రకంలో కేసరాలు కావలసినవే చాలావరకు రేకులుగా మారిపోతాయి. ముద్ద అన్న పేరు అక్కడ ఎంత బాగా కుదిరిందో చూడండి.

క్లోజప్‌కు ‘సమీప చిత్రం’ అని కొందరు రాస్తున్నారు. నాకది అతికినట్టు అనిపించదు. ‘దగ్గరనుంచి తీసిన ఫొటో’ అంటే చాలు. క్లోజప్ అన్నా ఏ ఇబ్బందీ లేదు, అది ఎప్పుడో మనదైపోయింది.

మీరు అడగని ఒక సంగతి కూడా చెప్పాలి. పొద్దున్నే వరసగా తీసిన ఆరు ఫొటోల కింద ‘మందారం పూస్తోంది’ అని రాశారు. చెట్టు పూస్తుంది, చెట్టుకు పూలు పూస్తాయి. అది కాపులాగా పూతకు సంబంధించిన మాట. మీ ఫొటోల్లో చుట్టుకుని ఉన్న మొగ్గ మెల్లగా విడివడుతోంది. దానికి మన మాట విచ్చుకోవడం. మొదటిది మొగ్గ, మూడోది అరవిచ్చిన మందారం, ఆరోది విచ్చుకున్న మందారం. సాయంత్రం కూడా ఇంకో ఫొటో తీయండి. మందారం గులాబీలాగా రేకు రేకుగా రాలిపోదు, మళ్లీ చుట్టుకుపోయి పువ్వు మొత్తంగా రాలుతుంది. ఆ ఏడో ఫొటో కింద ‘ముడుచుకున్న మందారం’ అని రాయండి.